ఫాల్ట్ ఇంజెక్షన్ (కావాలనే లోపం పుట్టించి చూసే) పద్ధతి సర్వీస్ మాన్యువల్లో పెట్టాలా, వద్దా?

కావలి కుర్రోడు:
అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలకి ఏరేటర్ కంట్రోలర్లు బిగిస్తుంటాం. లోపల లైనక్స్ బోర్డు. డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ప్రోబు చదివే ఏడీసీ చిప్పు, డీఎస్3231 గడియారం చిప్పు, ఈప్రామ్ (మెమరీ చిప్పు) మూడూ ఒకే ఐ2సీ బస్సు (చిప్పులు మాట్లాడుకునే రెండు తీగల లైను) మీదున్నాయి. బస్సు ఇరుక్కుంటే మా డ్రైవర్ ఏం చేస్తుందో చూడటానికి, కెర్నెల్లోని ఐ2సీ-జీపీఐఓ ఫాల్ట్ ఇంజెక్టర్ వాడి, రెండు జీపీఐఓ పిన్నులు (సాఫ్ట్‌వేర్‌తో పైకీ కిందికీ మార్చగలిగేవి) ఆ బస్సు ఎస్‌సీఎల్ (క్లాక్ పల్సులు), ఎస్‌డీఏ (డేటా) లైన్లకి కలిపాం. పద్ధతంతా రాశా, ప్రతి పరీక్ష చివరా "బస్సు తేరుకోవాలి" అని పెట్టా. సర్వీస్ వాళ్ళకిచ్చే మాన్యువల్లో చేర్చొచ్చా?

ఒంగోలు బెంచి:
వద్దన్నా. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ డీబగ్ ఫైళ్ళుండే చోటు) ఉందంటేనే అది ల్యాబ్ సరుకు. ఎవడో ఎస్‌డీఏ ఫైల్లో 0 రాసి లైను కిందికి లాగి, తిరిగి 1 రాసి వదలడం మర్చిపోయి బండెక్కేస్తాడు. తెల్లారుజామున డీవో పడిపోయే టయానికి రీడింగే ఉండదు.

పెన్నా గట్టు:
ఆ భయమెందుకబ్బా? గుంట దగ్గరి బోర్డుకి ఆ వైర్లే ఉండవు, అమ్మే కెర్నెల్లో ఆ ఆప్షన్ ఆపేసుకోవచ్చు. నా గొడవల్లా ఆ "తేరుకోవాలి" అనే ముక్కతోనే.

ఇరుక్కున్న బస్సుని వదిలించేది ఎస్‌సీఎల్ మీద పల్సులు పంపే కదా, ఆ ఎస్‌సీఎల్‌నే కిందికి పట్టుకుంటే పల్సులెట్టా పంపుతారు? అక్కడ డ్రైవర్ వేలాడకుండా టైమౌట్ ఇస్తే పాసే. ఇన్‌కంప్లీట్ అడ్రస్ ఫేజ్ పరీక్షలో (చిప్పు అడ్రస్ పంపి అక్కడే ఆపేస్తారు) చిప్పు యాక్ (అందిందనే జవాబు) ఇస్తూ ఎస్‌డీఏ లాగిపట్టి ఆగుతుంది, 9 పల్సుల్లోపు వదిలించాలి. సరే.

ఇన్‌కంప్లీట్ రైట్ బైట్ పరీక్ష (రాయడం మొదలెట్టి మధ్యలో ఆపేస్తారు) అట్టా కాదు. అప్పటికే సున్నా బైటు ఒకటి వెళ్ళిపోయుంటుంది. ఒక్క పల్సుకే చిప్పు ఎస్‌డీఏ వదిలేసి డేటా కోసం కాసుక్కూర్చుంటుంది. డ్రైవర్ అది చూడకుండా గుడ్డిగా పల్సులు కొడుతుంటే అవే డేటా బిట్లయిపోతాయి. డీఎస్3231లో 0 రిజిస్టరంటే సెకండ్లు. ఈప్రామ్‌లో మీ కాలిబ్రేషన్ 0 అడ్రస్‌లో మొదలైతే దానికీ గండమే. ఆనక బస్సు మామూలుగా పనిచేస్తుంటుంది, మీ కాగితం ప్రకారం పాస్! ప్రతి పల్సుకీ ఎస్‌డీఏ చూడాలి, లేదా స్టాప్ (ముగింపు సంకేతం) పంపాలి. పరీక్షకి ముందూ వెనకా 0 అడ్రస్ చదివి పోల్చమని (గడియారానికైతే గడిచిన సెకండ్లు లెక్కేసి) రాయండి.

ఒంగోలు బెంచి:
ఒప్పుకున్నా. కానీ సర్వీస్ మాన్యువల్లో మాత్రం వద్దనే అంటా. ఆ కుర్రోళ్ళకి కావాల్సింది కేబుల్లోకి నీళ్ళు దిగాయా, కనెక్టర్‌ని ఉప్పు తినేసిందా అనేది.

కావలి కుర్రోడు:
అయితే ల్యాబ్ కాపీలో ఏ పరీక్షకి ఆ షరతు విడిగా రాస్తా. సర్వీస్ వాళ్ళకి ఒక్క పేజీ, లాగ్‌లో టైమౌట్ కనిపిస్తే ఏమేం చూడాలో.

పెన్నా గట్టు:
బాగుంది. ఇంతకీ టైమౌట్ వచ్చినప్పుడు పాత రీడింగే చూపిస్తా కూర్చుంటుందా, ఏరేటర్లు వాటంతటవే ఆన్ అవుతాయా?