ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ ఇంజిన్ వేడెక్కుతోంది: రేడియేటరా, హెడ్ గాస్కెట్టా?

మా డీజిల్ పికప్ చదును రోడ్డు మీద నిండు లోడుతో ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది గానీ, చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం ఎర్ర గీత దాకా పోతోంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు), రేడియేటర్ మూత కొత్తవి వేయించాము. బయట ఎక్కడా కారకపోయినా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీరు) కొద్దికొద్దిగా తగ్గుతోంది.

ఆయిల్‌లో నీరు కలిస్తే వచ్చే తెల్లటి నురగ లేదు కాబట్టి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పై భాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) బాగున్నట్లేనని మెకానిక్ గారు అంటున్నారు. అయితే సిలిండర్‌కూ నీటి దారికీ మధ్య మాత్రమే గాస్కెట్ చిట్లితే ఆయిల్ శుభ్రంగానే ఉండవచ్చు గనుక, ఆ రుజువు నాకు చాలినట్లు తోచడం లేదు. పైగా చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన కాసేపటికే, నీరు వేడెక్కకముందే, రేడియేటర్ పై గొట్టం లోపలి ఒత్తిడికి గట్టిపడుతోంది; సిలిండర్ నుంచి పొగ వాయువులు నీటిలోకి వస్తున్నాయేమోనని అనుమానం.

హెడ్ విప్పించే ఖర్చు పెట్టుకునే ముందు, కూలెంట్‌లో పొగ వాయువులు కలుస్తున్నాయేమో తేల్చే రసాయన పరీక్ష చేయించడం మేలా, లేక రేడియేటర్ లోపలి సన్న గొట్టాలు పూడుకుపోయాయేమో ముందు చూపించాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.