దగ్గరి నీళ్ళ ట్యాంకు తేటగా ఉంది, చందమామే ముద్దగా ఉంది: రిఫ్లెక్టర్ టెలిస్కోప్ ఫోకస్ సందేహం

పర్లాకిమిడి నుంచి (అడిగినవారు):
అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. రెండేళ్ళుగా ప్రాణం తీస్తోందని దసరాకి 130/900 రిఫ్లెక్టర్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) కొన్నాను. మూడు రాత్రులైంది, చందమామ ఒక్కసారి కూడా తేటగా రాలేదు. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) పెడితే తెల్లటి ముద్ద, 10 పెడితే ఇంకా పెద్ద ముద్ద. నక్షత్రం మీదకి తిప్పితే అచ్చం గారె, మధ్యలో నల్లటి చిల్లుతో సహా. ఫోకస్ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి తిప్పి వేళ్ళు నొప్పెడుతున్నాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "కొత్తలో అలాగే ఉంటదండి, అలవాటైపోద్ది" అన్నాడు. ఇది అద్దం లోపమేటి? వెనక్కి పంపేయాలా? పాప ఒడియా బడి పిల్ల, "జన్హమామూ ఏడీ" అని రోజూ డాబా మీదకి లాక్కెళ్తోంది. సమాధానం చెప్పలేక చస్తున్నాను.

సిరొంచ నుంచి:
అన్నా, లోపలి అద్దం కదిలినట్టుంది. పార్సిల్ల వస్తే గట్లనే అయితది. నేను నాది చంద్రపూర్ నుంచి బస్సుల ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన, అయినా కదిలింది. గొట్టం వెనక మూడు స్క్రూలుంటయి, అవి సరిచేసుకోవాలె. కాలిమేషన్ అంటరు. వీడియోలు మస్తున్నయి.

బరంపురం నుంచి:
తమ్ముడు చెప్పింది తప్పు కాదు గానీ ఆ స్క్రూల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. అద్దాల వరుస తప్పితే నక్షత్రానికి ఒక పక్క తోక వస్తుంది, గారె చిల్లు మధ్యలో కాకుండా ఓ వారకి జరుగుతుంది. అంతేగానీ ఫోకసే కుదరకపోవడం ఉండదు. మీ చిల్లు నడిమధ్యనే ఉందా? ఉంటే అద్దాలు దాదాపు సరిగ్గానే ఉన్నట్టు. ఆ నలుపు గొట్టం మూతి దగ్గరుండే చిన్న అద్దం నీడ. ఫోకస్ కుదిరితే దానంతటదే మాయమైపోతుంది.

నాకు రెండు సంగతులు కావాలి. నాబ్ ఎటు తిప్పితే గారె చిన్నదవుతోంది, ఐపీస్ లోపలికి వెళ్ళేటప్పుడా, బయటికి వచ్చేటప్పుడా? పగలు ఏదైనా వస్తువు తేటగా కనిపించిందా?

జయపురం నుంచి:
కిటికీ అద్దంలోంచి చూడటం లేదు కదా? నేను మొదటి వారమంతా అదే పని చేశాను, చలికి బద్ధకించి.

పర్లాకిమిడి:
లేదండీ, డాబా మీదే, ఆరుబయటే. చిల్లు మధ్యలోనే ఉంది. లోపలికి తిప్పుతుంటే గారె కాస్తా పునుగంత అవుతుంది, అక్కడితో నాబ్ ఆగిపోతుంది. ఇక కదలదు. ఇంకొంచెం వెళ్తే కుదురుతుందనిపిస్తుంది.

పగలు మాత్రం బాగుందండీ! వీధి అవతలి డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాని మూత మీద కాకి. దాని ముక్కున ఉన్న మెతుకు కూడా కనిపించింది, తలకిందులుగా. దూరంగా కొండ మీద సెల్ టవర్ చూస్తే మళ్ళీ ముద్దే.

బరంపురం:
మీ కాకి దొంగని పట్టించేసిందండీ. అద్దం బంగారంలా ఉంది. లోపముంటే మెతుకెలా కనిపిస్తుంది?

సంగతేమిటంటే, వస్తువు ఎంత దగ్గరుంటే అద్దం దాని బొమ్మని అంత బయటికి తెస్తుంది. మీ అద్దం ఫోకల్ లెంగ్త్ 900 మిల్లీమీటర్లు, అంటే చందమామ లాంటి దూరపు వస్తువు బొమ్మ అద్దానికి అంత దూరంలో పడుతుంది. 20 మీటర్ల దూరంలోని ట్యాంకు బొమ్మ, చందమామ బొమ్మ పడే చోటు కన్నా దాదాపు 42 మిల్లీమీటర్లు బయటికి పడుతుంది. మూడు కిలోమీటర్ల అవతలి టవర్‌కి ఆ తేడా పావు మిల్లీమీటరే, అంటే ఆకాశంతో సమానం. దగ్గరిది కుదిరి దూరానిది కుదరట్లేదంటే మీ ఐపీస్ ఉండాల్సిన చోటికన్నా బయట కూర్చుంది. నాబ్ ఆఖరు దాకా వెళ్ళినా చాలట్లేదు. మధ్యలో ఏదో ఎక్కువ వస్తువు దూర్చారు మీరు.

ఏమిటో మీరే పట్టుకోండి. ఐపీస్, దాని కింద ఉన్న ఉంగరాలు అన్నీ తీసెయ్యండి. ఫోకస్ గొట్టం పూర్తిగా లోపలికి పంపి, టెలిస్కోప్ చందమామకి గురిపెట్టి, ఆ ఫోకస్ గొట్టం మూతి మీద ట్రేసింగ్ కాగితం పట్టుకోండి. అది లేకపోతే నూనె రాసిన తెల్లకాగితమైనా సరే. దాన్ని మెల్లగా పైకి ఎత్తుతూ పోతే ఒక చోట చందమామ అంచు గీత గీసినట్టు పడుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. ఆ ఎత్తు కొలవండి. ఐపీస్ పీట అంచు ఇంచుమించు అక్కడికి రావాలి.

సిరొంచ:
నేను స్క్రూలన్న, మీరు కాగితమన్నరు. గిది నాకు తెల్వదు. నేను గూడ రేపు చేసి చూస్త.

పర్లాకిమిడి (మర్నాడు రాత్రి):
పాప స్కూల్ బ్యాగులోంచి ట్రేసింగ్ పేపర్ తీసుకున్నాం. బఠాణీ గింజంత చందమామ కాగితం మీద పడింది! మచ్చలతో సహా. పాప వేసిన కేకకి కింద మా అమ్మ కంగారుపడి మెట్లెక్కి వచ్చింది. నాకైతే ఇంకేం కనిపించకపోయినా పర్లేదనిపించింది.

గొట్టం మూతికి రెండు వేళ్ళ పైన పడింది బొమ్మ. ఐపీస్ చూస్తే నాలుగు వేళ్ళ పైన కూర్చుంది. దాని కింద ఉంగరాలు రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి. పెట్టెలో రెండూ వచ్చాయి, ఒకదాంట్లో ఒకటి చక్కగా దూరింది కూడా, రెండూ పెట్టాలనుకున్నాను. ఫొటో పెట్టాను చూడండి.

బరంపురం:
అదేనండీ దొంగ. ఆ ఉంగరాల్లో ఒకటి రెండంగుళాల ఐపీసుకి, రెండోది అంగుళంపావు ఐపీసుకి. ఏదో ఒకటే పెట్టాలి. మీవి అంగుళంపావువి, కాబట్టి సన్న చిల్లున్న ఉంగరం ఒక్కటే నేరుగా గొట్టానికి బిగించండి. కొత్తగా కొన్నవాళ్ళలో చాలామంది చేసే పొరపాటే. కాగితంలో ఇంగ్లీషులో ఒక మూల చిన్న అక్షరాలతో రాసి ఊరుకుంటారు, ఎవరు చదువుతారు?

జయపురం:
అదే మాట మీద, డీఎస్ఎల్ఆర్ కెమెరా బిగించేవాళ్ళకి కూడా ఇదే తంటా వస్తుంది. సెన్సరు కెమెరా మూతి నుంచి నాలుగు సెంటీమీటర్ల పైన లోపలికి ఉంటుంది గదా, నాబ్ లోపలికి ఎంత తిప్పినా చాలదు. మధ్యలో బార్లో (బొమ్మని పెద్దది చేసే అదనపు లెన్సు) పెడితే బొమ్మ బయటికి జరుగుతుంది, అప్పుడు కుదురుతుంది. నాకు ఆ సంగతి తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

పర్లాకిమిడి:
అయిపోయిందండీ! 25తో చందమామ గుంటలు, గోడలు, నీడలు. పాప గంటన్నర కుర్చీ దిగలేదు. మా అమ్మ కూడా చూసి "ఇన్నాళ్ళూ అది కుందేలనే అనుకున్నానురా" అంది.

ఇంకొక్కటి. 10కి బార్లో కలిపితే మళ్ళీ మసక. పెద్దగా అయితే ఉంది గానీ నీళ్ళలో చూసినట్టు ఊగుతోంది. మళ్ళీ ఏదైనా తప్పు పెట్టానేటి?

బరంపురం:
ఈసారి తప్పు మీది కాదు, డాబాది. 900ని 10తో భాగిస్తే 90 రెట్లు, 2ఎక్స్ బార్లోతో 180. అద్దం వెడల్పు 130 మిల్లీమీటర్లకి రెండింతలు, అంటే మీకు 260 దాకా సిద్ధాంతం ఒప్పుకుంటుంది గానీ గాలి ఒప్పుకోదు. పగలంతా ఎండ తాగిన సిమెంటు రాత్రి దాకా వేడి కక్కుతుంది, ఆ సెగలోంచి చూస్తున్నారు. వీలైతే పెరట్లో మట్టి మీద పెట్టండి. గదిలోంచి తెచ్చిన వెంటనే కూడా చూడొద్దు, అద్దం బయటి చలికి దిగడానికి నలభై నిమిషాలు ఆగండి. ఆ పైన 90 దగ్గర ఆగిపోండి. నేను ఇన్నేళ్ళలో 180 పెట్టింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పున్నమికి చూసి నిరాశపడకండి, ఎండ నెత్తిమీద పడుతుంది గదా, అక్కడ నీడలుండవు. అష్టమికి చూడండి, వెలుగు చీకటి కలిసే గీత దగ్గర. మంచు పడితే ఐపీస్ గుడ్డతో రుద్దకండి, జేబులో పెట్టుకుంటే చాలు.

సిరొంచ:
మా ప్రాణహిత ఒడ్డున మంచు గురించి అడగకుండ్రి. అర్ధరాత్రికి గొట్టం నుంచి నీళ్ళు కారుతయి.

పర్లాకిమిడి:
పాప సూర్యుడి మచ్చలు చూస్తానంటోందండీ.

బరంపురం:
వద్దు. గొట్టం ముందు భాగానికి సూర్యుడి కోసమే చేసిన ఫిల్టర్ పెట్టకుండా, ఒక్క క్షణం కూడా వద్దు. మీ అద్దం కాగితాన్ని తగలబెడుతుంది, కన్ను ఎంత? పక్కనున్న, గురి చూసుకునే చిన్న ఫైండర్‌కి కూడా మూత పెట్టెయ్యండి. పగలు గొట్టానికి మూత తియ్యకుండా పాపకి గట్టిగా చెప్పండి.

దానికి బదులు పఠాణి సామంత కథ చెప్పండి, ఒడియా బడి పిల్ల కదా, పేరు విని ఉంటుంది. 19వ శతాబ్దంలో, ఖండపడాలో, వెదురు ముక్కలు, కర్ర పుల్లలతో చేసుకున్న పరికరాలతో ఉత్త కంటితోనే గ్రహాల లెక్కలు కట్టినాయన. ఆయనకి ఫోకస్ బాధే లేదు.

పర్లాకిమిడి:
ఆ రెండో ఉంగరం ఏం చెయ్యమంటారు? పాప గాజులా చేతికి వేసుకుని తిరుగుతోంది.

బరంపురం:
వేసుకోనివ్వండి గానీ పారెయ్యనివ్వకండి. రేపు రెండంగుళాల ఐపీస్ కొనమంటుంది చూడండి, అప్పుడు వెతుక్కోవాలి.