సతోపంథ్: ఇద్దరొక తాడా, నలుగురూ ఒకే తాడా?

అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో గఢ్వాల్‌లోని సతోపంథ్ శిఖరం (7,075 మీటర్లు) ఎక్కాలని నలుగురం సిద్ధమవుతున్నాం. గంగోత్రి, భోజ్‌బాసా, నందన్‌వన్ మీదుగా వెళ్లి వాసుకి తాల్ దగ్గర బేస్ క్యాంప్ వేస్తాం.

అసలు బెంగ క్రెవాస్‌ల (హిమానీనదంలోని లోతైన పగుళ్ల) గురించే. 60 మీటర్ల తాడుకి ఇద్దరిద్దరం కట్టుకుని మధ్యలో 15 మీటర్లు వదిలితే, ఒక్కొక్కరి దగ్గర 22 మీటర్ల చుట్ట మిగులుతుంది. మధ్యలో వేసే బటర్‌ఫ్లై ముడులు మంచు అంచులో దిగబడి పడినవాళ్లను ఆపుతాయి. కానీ పుల్లీతో లాగేటప్పుడు అవే అడ్డం, కాబట్టి మిగిలిన చుట్టే కిందికి వదలాలి. దాన్ని రెండు పేటలుగా వదిలితే 11 మీటర్లే అందుతుంది, యాంకర్‌కి (తాడు కట్టడానికి మంచులో పాతే ఆధారానికి) పోయేది కాక! ఇద్దరిద్దరుగా వెళ్లినవాళ్లు ఒంటి పేటతోనే లాగారా? లేక నలుగురూ ఒకే తాడుకి 10 మీటర్ల ఎడంతో కట్టుకోవడమే మేలా? నాకైతే రెండోదే సబబనిపిస్తోంది, లాగడానికి ముగ్గురుంటారు.

ఇంకొకటి. క్యాంప్ 1 దాటాక వచ్చే కత్తి అంచు లాంటి శిఖరరేఖ మీద ఫిక్స్‌డ్ రోప్ (పట్టుకుని వెళ్లడానికి ముందే బిగించే తాడు) ఎన్ని మీటర్లు పట్టింది? అక్కడ స్నో స్టేక్‌లు (మంచులో దిగగొట్టే మేకులు) నిలిచాయా, గట్టి ఐస్ తేలి ఐస్ స్క్రూలు వాడారా? వానాకాలం తర్వాత వెళ్లినవాళ్లు నెల, ఏడాదితో సహా చెప్పండి, ప్లీజ్.