నచ్చిన పాట పెట్టినప్పుడు కింద ఎవరి పేరు రాయాలి?

పాటలపెట్టె: నిన్న ఒకరు 'లాహిరి లాహిరి లాహిరిలో' పెట్టి "నాకిష్టమైన ఘంటసాల పాట" అని రాశారు. వెంటనే ఇంకొకరు "అది సాలూరి పాటండీ" అన్నారు. మూడో ఆయన పింగళి పేరు తెచ్చారు. ముగ్గురి మాటా నిజమే. 1957 నాటి మాయాబజార్‌కు టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. కానీ సాలూరి రాజేశ్వరరావు ఆ సినిమా నుంచి తప్పుకునే ముందే కొన్ని బాణీలు కట్టారు. ఇది వాటిలో ఒకటి. వాద్యగోష్ఠి సమకూర్చి, పి.లీలతో కలిసి పాడింది ఘంటసాల. మాటలు పింగళి నాగేంద్రరావువి. మరి పాట ఎవరిది?

నా ఓటు పాడినవారికే. 'శివశంకరీ' బాణీ పెండ్యాల కట్టారు, దర్బారీ కానడ రాగంలో. ఆ స్వరాలు 1961 నుంచీ అందరి ముందూ ఉన్నాయి. పోటీల్లో, కచేరీల్లో ఎంతమంది పాడినా, విన్నాక మళ్లీ ఘంటసాల దగ్గరికే వెళ్తాం. ఆ గొంతు లేకపోతే అది ఇంతకాలం నిలిచేది కాదు.

మధ్యమావతి: నేను ఒప్పుకోను. గొంతు పాటను మన చెవిదాకా తెస్తుంది, పుట్టించదు. సాగర సంగమం (1983) చూడండి. తెలుగులో మాటలు వేటూరివి, తమిళంలో వైరముత్తువి. భాష మారింది, కవి మారారు, 'తకిట తధిమి' మాత్రం రెండుచోట్లా ఒకేలా గుండెను పట్టుకుంటుంది. మారనిది ఇళయరాజా బాణీ. ఆ సినిమా సంగీతానికి ఆయనకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

పాటలపెట్టె: మారనిది ఇంకొకటి ఉంది కదండీ! రెండు భాషల్లోనూ పాడింది బాలునే. అదే సినిమాకు ఆయనకూ జాతీయ అవార్డు వచ్చింది.

అక్షర: మీరిద్దరూ మాట్లాడుతుంటే నాకు 2017 గుర్తొస్తోంది. బాలు తన యాభై ఏళ్ల పాటల ప్రయాణం పేరుతో అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లింది. ఆ కచేరీల్లో ఇక ఆ పాటలు పాడనని బాలు చెప్పారు. అభిమానులు రెండుగా చీలి నెలల తరబడి తిట్టుకున్నారు. నేను చదివినంతలో, ఆ పాటలకు మాటలు రాసినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. నన్ను బాధపెట్టింది అదే.

చట్టం మాత్రం కవిని మరిచిపోలేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా హాలు బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో కవికీ, స్వరకర్తకీ వాటా ఉంది. దాన్ని నిర్మాతకు రాసిచ్చే వీలు కూడా లేదు. 2023లో 'నాటు నాటు'కు వచ్చిన ఆస్కార్ చూడండి. అది కీరవాణికీ, చంద్రబోస్‌కూ ఇచ్చారు. వేదిక మీద పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు కాదు. పాటను తయారుచేసినవారికే ఇవ్వాలన్నది ఆ అవార్డు నియమం.

ఇంకొకటి. కె.వి.మహదేవన్ సాహిత్యం చేతికి వచ్చాకే బాణీ కట్టే మనిషి అని పేరు. అక్కడ పాటకు విత్తనం కవిదే.

నల్గొండబిడ్డ: మీ లెక్కలన్నీ సినిమా లెక్కలే. మా వైపు రండి. 'బండెనక బండి కట్టి' అనగానే అందరూ గద్దర్ పాట అంటరు. 'మా భూమి' సినిమాలో పాడి దాన్ని ఊరూరికీ చేర్చింది ఆయనే, కాదనను. 2023 ఆగస్టులో ఆయన పోయిననాడు నా ఫోన్ నిండా అదే పాట. కానీ రాసింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాటం నాటి మనిషి. ఒక్క పోస్టులోనూ ఆ పేరు లేదు. దొరల మీద, నిజాం మీద అలాంటి పాట కట్టాలంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. ఆ మనిషి పేరు రాయడానికి మనకు అర నిమిషం కూడా పట్టదు. పాడినవారిదే పాట అంటే యాదగిరి ఎక్కడికి పోవాలె?

మధ్యమావతి: ఈ మాట నాకు బాగా తగిలింది. అన్నమయ్య విషయంలో ఇది తిరగబడుతుంది, గమనించారా? తిరుమల రాగిరేకుల మీద పాటకు రాగం పేరు ఉంది, స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీల్లో చాలా భాగం గత నూరేళ్లలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారి కష్టం అది. 'నానాటి బతుకు నాటకము'కు రేవతి రాగంలో బాణీ నేదునూరిది. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడారు. పంచుకునేటప్పుడు అన్నమయ్య పేరుంటుంది, ఎం.ఎస్. పేరుంటుంది, మధ్యలో నేదునూరి మాయం. ఆ బాణీ ఐదువందల ఏళ్ల నాటిదని అనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

పాటలపెట్టె: సరే, బండి యాదగిరి పేరు లేకుండా ఆ పాట నేను ఎవరికీ పంపను. కానీ వరుసలో పాడినవారు ముందే ఉండాలి. జనం పాటను వెతికేది గొంతును బట్టే.

అక్షర: వరుస మీ ఇష్టం, పేర్లు తగ్గకూడదు. నా వంతు పాట పెడుతున్నా. 'విధాత తలపున', సిరివెన్నెల సినిమా, 1986. మాటలు సీతారామశాస్త్రి, బాణీ కె.వి.మహదేవన్, గొంతులు బాలు, పి.సుశీల. ఆ సినిమాలో వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. కథానాయకుడే వేణువు విద్వాంసుడు, ఆ వేణువు తీసేస్తే సినిమాయే లేదు. వాయించినవారికి ఒక వరుస ఉండాలా వద్దా, ముందు అది తేల్చండి.

నల్గొండబిడ్డ: ఉండాలె. డప్పు కొట్టినోళ్లకు కూడా.