స్టైపెండ్ ఇస్తే కోడ్ కూడా వాళ్లదేనా?

నీలగిరి_పోరడు:
నల్లగొండలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నా. స్పాన్సర్ ఒక కంపెనీ. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఊరి వారీగా మ్యాపు మీద చూపించే సాఫ్ట్‌వేర్ రాశాం. మొదటి నుంచీ జీపీఎల్ మూడో వెర్షన్ కిందే బయట పెట్టాం, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచితే మాత్రం అదే షరతుతో పంచాలనే లైసెన్స్. ఇప్పుడు కంపెనీ కాగితం పంపింది. కాపీరైట్ మొత్తం వాళ్లకు రాసివ్వాలట, లేకపోతే స్టైపెండ్ ఆపేస్తారట. సంతకం పెట్టాలా?

పాలమూరు_పంతులు:
పెట్టు తమ్మీ. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 చూడు. ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. డబ్బు వాళ్లది, కంప్యూటర్లు వాళ్లవి. ఇంకేం చర్చ?

దేవరకొండ_దారి:
ఆ సెక్షన్ ఉద్యోగికి సార్. స్టైపెండ్ తీసుకునే విద్యార్థికి అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఉందా, పీఎఫ్ ఉందా? అంతా ముందే వాళ్లదైతే మళ్లీ సంతకం ఎందుకు అడుగుతున్నారు?

పాలమూరు_పంతులు:
రేపు తగాదా రాకుండా. పాత పట్టా ఉన్నా మా ప్లాటుకు మళ్లీ కాగితాలు చేయించుకోలేదా?

మిర్యాలగూడ_మిల్లు:
జీపీఎల్ అన్నాక అందరిదీ కదా, మళ్లీ ఈ కాపీరైట్ ఏంది?

దేవరకొండ_దారి:
@మిల్లు, వాడుకోవడం అందరిదీ, హక్కు రాసినవాళ్లది. ఆ హక్కు ఉంది కాబట్టే జీపీఎల్ షరతులకు బలం. హక్కులన్నీ ఒక్కరి చేతికి పోతే తర్వాతి వెర్షన్‌కు వాళ్లు లైసెన్స్ మార్చేసుకోవచ్చు. 2023 ఆగస్టులో హాషికార్ప్ అనే కంపెనీ తన టెర్రాఫార్మ్ సాఫ్ట్‌వేర్‌కు అదే చేసింది. బయటికొచ్చిన పాత కోడ్‌ను వెనక్కి తీసుకోలేరు కాబట్టి జనం దాంతోనే ఓపెన్‌టోఫు అనే వేరే ప్రాజెక్టు మొదలుపెట్టారు.

పాలమూరు_పంతులు:
జీపీఎల్ తయారుచేసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా తమ ఈమాక్స్ ఎడిటర్‌కు కోడ్ రాసేవాళ్లతో హక్కులు రాయించుకుంటుంది. అదీ దోపిడీయేనా?

దేవరకొండ_దారి:
వాళ్ల కాగితంలో, కోడ్‌ను ఎప్పటికీ స్వేచ్ఛా లైసెన్సు కిందే ఇస్తామని హామీ ఉంటుంది. తమ్ముడూ, మీ దాంట్లో ఉందా?

నీలగిరి_పోరడు:
లేదన్నా. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని మాత్రం ఉంది.

పాలమూరు_పంతులు:
దేవరకొండ గారూ, మీకు కంపెనీ అన్న మాటే పడదు.

దేవరకొండ_దారి:
ఎట్లా పడుతుంది? హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో నేను రాసిన లైబ్రరీ నుంచి నా పేరు తుడిచేశారు. తర్వాత ఇంటర్వ్యూలో అది నాదని చెబితే నమ్మినవాడు లేడు. మీరు కుర్చీలో కూర్చొని పెట్టు, పెట్టు అంటారు.

పాలమూరు_పంతులు:
కుర్చీనా? ఇట్లాంటి ల్యాబే నేనూ నడిపాను. ఒక సీనియర్ పిల్లవాడు సంతకం పెట్టనన్నాడు. నేనూ శభాష్ అన్నాను. స్పాన్సర్ వెళ్లిపోయాడు, ల్యాబ్‌కు తాళం పడింది. ఆ పిల్లవాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. మిగతావాళ్లు, స్టైపెండ్‌తోనే రూం కిరాయి కట్టే అచ్చంపేట, కొల్లాపూర్ పిల్లలు, ఊరి బస్సెక్కారు. మీ సిద్ధాంతానికి కిరాయి ఎవరు కడతారో చెప్పండి, చట్టం తర్వాత మాట్లాడదాం.

దేవరకొండ_దారి:
కిరాయికి అడ్డం పెట్టి రాయించుకునేది ఒప్పందం కాదు సార్. అచ్చంపేట పిల్లల దగ్గర ఆ మాత్రం కోడ్ తప్ప ఇంకేం ఆస్తి ఉంది?

గద్వాల_గాలి:
నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి నాగపూర్ పరిశోధన సంస్థ నీరి వాళ్లది, పేరేమో ‘నల్లగొండ టెక్నిక్’. ఇక్కడ పని నల్లగొండది, పేరు కంపెనీది 😀

నీలగిరి_పోరడు:
నవ్వకన్నా, నిజంగా అదే జరిగింది. పోయిన వారం ఫైళ్ల పైన మా పేర్లు తీసేసి కంపెనీ పేరు పెట్టారు. హక్కులు పోయినా తట్టుకుంటాగానీ, మా నాన్నకు చూపించుకోవడానికి పేరు కూడా లేకపోతే ఎట్లా?

దేవరకొండ_దారి:
ఇది ముందే చెప్పాల్సింది! సెక్షన్ 57 ప్రకారం హక్కులు రాసిచ్చినా, రాసింది నేనే అని చెప్పుకునే హక్కు నీకే ఉంటుంది. జీపీఎల్ కూడా కాపీరైట్ నోటీసులు చెరపకూడదంటుంది.

పాలమూరు_పంతులు:
పేర్లు తుడవడం తప్పే, దానికి నేను అడ్డం రాను. ముందు పేర్లు వెనక్కి పెట్టమని మెయిల్ రాయి. ఒక్కడివే కాదు, అందరి సంతకాలతో. స్వేచ్ఛా లైసెన్స్ హామీ సంగతి దాంట్లో ఎత్తకు, వాళ్ల లాయర్ నవ్వుతాడు.

దేవరకొండ_దారి:
నవ్వనీ. ఎత్తు.