తిరుపతిలో దిగలేక ముందుకు వెళ్లినవారికి, బండి బయలుదేరిన స్టేషను నుంచి చార్జీ వేయవచ్చా?

ప్రశ్న: చిత్తూరు సభ్యుడు

అందరికీ నమస్కారం. మా అమ్మ, పిన్ని ఈ మధ్య చిత్తూరు స్టేషనులో తిరుపతికి జనరల్ టికెట్లు కొనుక్కుని, కేరళ వైపు నుంచి వచ్చే ఒక ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. పిన్నికి తిరుపతిలో కంటి పరీక్ష ఉంది. తిరుపతిలో బండి ఆగగానే, దర్శనం ముగించుకుని తిరుగు ప్రయాణమైనవారు దిగేవాళ్లకు దారి ఇవ్వకుండా మూటలతో, సూట్‌కేసులతో తోసుకుని లోపలికి వచ్చేశారు. పిన్నికి చూపు సరిగా ఆనదు కనుక అమ్మ ఆమె చేయి వదల్లేదు. ఇద్దరూ తలుపు దాకా చేరేలోపే బండి కదిలింది. తర్వాత ఆగిన స్టేషనులో దిగితే గేటు దగ్గర తనిఖీ సిబ్బంది ఆపారు. అమ్మ రెండు టికెట్లూ చూపించి జరిగింది చెప్పినా, ఆ టికెట్లు తిరుపతితోనే అయిపోయాయని, ఇప్పుడు టికెట్ లేనట్టే లెక్క అని చెప్పి, బండి బయలుదేరిన స్టేషను నుంచి చార్జీ, దానికి సమానంగా జరిమానా వేశారు. ఇద్దరికీ కలిపి వెయ్యి రూపాయలు దాటింది. కట్టకపోతే జైలుకు పంపుతామనడంతో అమ్మ భయపడి కట్టేసింది. రసీదు ఇచ్చారు.

గమ్యం దాటినందుకు కట్టాల్సింది కట్టడానికి మాకు అభ్యంతరం లేదు. చిత్తూరులో ఎక్కినట్టు టికెట్ చెబుతూనే ఉండగా, ఎక్కడో కేరళ నుంచి ప్రయాణించినట్టు లెక్క వేయడం సబబేనా? కట్టిన డబ్బు వెనక్కి అడిగే దారి ఉందా?

సమాధానం 1: విశ్రాంత టికెట్ కలెక్టర్

బాబూ, మీరు చెప్పిన వివరాలు నిజమైతే ఆ లెక్క తప్పు. నేను ఉద్యోగమంతా టికెట్ తనిఖీలోనే చేసినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

రైల్వే చట్టం 1989లోని 138వ సెక్షను రెండు రకాల ప్రయాణికులను వేరువేరుగా చూస్తుంది. మొదటి ఉపసెక్షను టికెట్ లేకుండా ప్రయాణించేవారికి, అడిగినప్పుడు టికెట్ చూపించనివారికి వర్తిస్తుంది. వారు ప్రయాణించిన దూరానికి చార్జీతో పాటు అదనపు చార్జీ కట్టాలి. వారు ఎక్కడ ఎక్కారన్న విషయంలో సందేహం ఉంటేనే బండి బయలుదేరిన స్టేషను నుంచి, మధ్యలో టికెట్లు తనిఖీ చేసి ఉంటే ఆ తనిఖీ జరిగిన చోటి నుంచి లెక్క కడతారు. రెండో ఉపసెక్షను టికెట్‌లో ఉన్న తరగతి కంటే పై తరగతిలో ఎక్కినవారికి, టికెట్‌లో ఉన్న గమ్యం దాటి వెళ్లినవారికి వర్తిస్తుంది. వీరు కట్టాల్సింది ఇచ్చిన చార్జీకి, ఇవ్వాల్సిన చార్జీకి ఉన్న తేడా, దానిపై అదనపు చార్జీ. ఆ అదనపు చార్జీ తేడాకు సమానమైన మొత్తం లేదా 250 రూపాయలు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

మీ అమ్మగారు, పిన్నిగారు కచ్చితంగా రెండో రకంలోకి వస్తారు. ఒక్క స్టేషను దూరానికి జనరల్ చార్జీలో తేడా ఉన్నా కొద్ది రూపాయలే ఉంటుంది. అంటే మనిషికి ఆ కొద్ది రూపాయలు, 250 రూపాయలు కలిపి కట్టించుకుంటే చాలు.

రసీదు మీద ఏ స్టేషను నుంచి ఏ స్టేషను వరకు అని ఉంటుంది, చార్జీ ఎంతో, అదనపు చార్జీ ఎంతో విడివిడిగా ఉంటాయి. ముందు వాటిని చూసి చెప్పండి. గేటు దగ్గర పాత టికెట్లు తీసేసుకున్నారా, మీ దగ్గరే ఉన్నాయా అన్నది కూడా ముఖ్యం.

చిత్తూరు సభ్యుడు

టికెట్లు రెండూ అమ్మ పర్సులోనే ఉన్నాయండి. రసీదులో బయలుదేరిన చోటుగా కేరళలోని స్టేషను పేరే ఉంది. చార్జీ, అదనపు చార్జీ రెండూ ఒకే అంకె.

సమాధానం 2: పాకాల ప్రయాణికుడు

ఇలాంటప్పుడు వెంటనే చైను లాగితే సరిపోయేది కదా. తిరుపతి ప్లాట్‌ఫారం మీదే బండి ఆగేది.

సమాధానం 3: న్యాయవాది, చిత్తూరు

చైను సలహా ఎవరికీ ఇవ్వకండి. తగిన కారణం లేకుండా చైను లాగితే 141వ సెక్షను కింద ఏడాది వరకు జైలు శిక్ష గానీ, 1000 రూపాయల వరకు జరిమానా గానీ పడవచ్చు. జనం అడ్డం రావడం వల్ల దిగలేకపోవడం తగిన కారణమని కోర్టు ముందు నిలబడి నిరూపించుకోవాల్సిన భారం ఆ ఇద్దరు పెద్దవాళ్ల మీద పడేది.

జైలు మాటకు వస్తే, మోసం చేసే ఉద్దేశంతో టికెట్ లేకుండా ప్రయాణిస్తే 137వ సెక్షను వర్తిస్తుంది. దాని కింద ఆరు నెలల వరకు జైలు లేదా 1000 రూపాయల వరకు జరిమానా ఉంది. టికెట్లు చేతిలో పెట్టుకుని, తామే చూపించి, జరిగింది చెప్పుకున్నవారికి మోసం చేసే ఉద్దేశాన్ని ఎలా అంటగడతారు? 138 కింద పడిన మొత్తాన్ని కట్టనంటే, అధికారం ఉన్న ఉద్యోగి మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ మొత్తాన్ని వసూలు చేయాలని, కట్టకపోతే పది రోజులకు తగ్గకుండా నెల వరకు ఖైదు విధించాలని ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుదే తప్ప గేటు దగ్గర నిలబడిన ఉద్యోగిది కాదు. వయసు మళ్లిన ఆడవాళ్లను ఆ మాటతో బెదిరించడం నాకు చాలా బాధ కలిగించింది. మగతోడు లేని స్త్రీలు డబ్బు కట్టలేకపోయినా వారిని ఎక్కడపడితే అక్కడ బండి దింపేయకూడదని 139వ సెక్షను చెబుతుంది. ప్రయాణం మొదలుపెట్టిన స్టేషనులో గానీ, జంక్షనులో గానీ, బండి చివరి స్టేషనులో గానీ, జిల్లా కేంద్రంలో గానీ, అదీ పగటిపూటే దింపాలి. అంత జాగ్రత్త తీసుకున్న చట్టాన్ని అమలు చేసేవారికి మాటలోనూ ఆ జాగ్రత్త ఉండాలి.

అయినా మీ అమ్మగారు డబ్బు కట్టి రసీదు తీసుకోవడమే మంచిదయింది. ఇప్పుడు ఆధారం మీ చేతిలో ఉంది.

సమాధానం 1 ఇచ్చిన సభ్యుడు మళ్లీ

రసీదు, టికెట్లు రెండూ ఉన్నాయి కాబట్టి ఆలస్యం చేయకండి. చేతి యంత్రం నుంచి వచ్చే రసీదు మీద అక్షరాలు క్రమంగా వెలిసిపోతాయి, అందుకని ఈరోజే వెలుతురులో పెట్టి ఫొటో తీయండి. టికెట్లకు కూడా రెండు వైపులా తీయండి. తర్వాత రైల్‌మదద్ యాప్‌లో గానీ, 139 నంబరుకు ఫోను చేసి గానీ ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోండి. అక్కడితో ఆగకుండా, ఆ స్టేషను ఏ డివిజను పరిధిలో ఉందో ఆ డివిజను సీనియర్ డివిజనల్ కమర్షియల్ మేనేజరుకు స్పీడ్ పోస్టులో ఒక అర్జీ పంపండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని నకళ్లు మాత్రమే జతచేయండి.

అర్జీలో రద్దీ గురించి, సిబ్బంది మాట తీరు గురించి ఎక్కువగా రాయాలనిపిస్తుంది. అది సహజమే, కానీ వాటికి వేరే పేరా పెట్టండి. మొదటి పేరాలో మాత్రం టికెట్ల సంఖ్యలు, రసీదు సంఖ్య, ఎక్కిన స్టేషను, దిగిన స్టేషను రాసి, 138వ సెక్షను రెండో ఉపసెక్షను ప్రకారం లెక్క కట్టి, ఎక్కువగా తీసుకున్న మొత్తాన్ని తిరిగి ఇవ్వాలని స్పష్టంగా అడగండి. ఫైలు చూసే గుమాస్తాకు ఆ ఒక్క పేరాతోనే విషయం అర్థం కావాలి. మొత్తం సొమ్ము అడగవద్దు. మనిషికి 250 రూపాయలు, చార్జీ తేడా న్యాయంగా రైల్వేకు చెందాల్సినవే.

చిత్తూరు సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలండి. ఫొటోలు తీశాను, రైల్‌మదద్‌లో ఫిర్యాదు నమోదైంది. అర్జీ రేపు పోస్టు చేస్తాను. టికెట్లు ఇద్దరికీ విడివిడిగా ఉన్నాయి, రసీదు మాత్రం ఒక్కటే. అర్జీ మీద అమ్మ సంతకం ఒక్కటే చాలా, పిన్ని సంతకం కూడా ఉండాలా?

సమాధానం 3 ఇచ్చిన సభ్యుడు

ఇద్దరి చేతా పెట్టించండి. పిన్నిగారికి చూపు ఆనకపోతే అర్జీ మొత్తం ఆమెకు చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోండి.