అపార్ట్‌మెంట్ హాల్లో త్యాగరాజ ఆరాధన: కచేరీకి ముందు ఏమేం చూసుకోవాలి?

తంబూరతీగ:
పుష్య బహుళ పంచమికి మా కాంప్లెక్స్‌లో పొద్దున పంచరత్న గోష్ఠి (త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ అందరూ కలిసి పాడటం), సాయంత్రం 2 గంటల గాత్ర కచేరీ అనుకుంటున్నాం. 150 మంది పట్టే ఏసీ హాలు. పక్కవాద్యాలు వయొలిన్, మృదంగం, ఘటం. సౌండుకు పెళ్లిళ్లకు వచ్చేవాళ్లే దొరికారు. ఎక్కడ తేడా కొడుతుందో చెప్పండి.

లయప్రియ:
ముందు గాయకుల శ్రుతి, అంటే ఏ ఆధార స్వరం మీద పాడతారో అడగండి. దాన్ని అంకెల్లో చెప్తారు. మగవాళ్లు ఎక్కువగా ఒకటికీ రెండుకీ మధ్య, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరులో పాడతారు. దాన్నిబట్టి మృదంగమే మారుతుంది. ఘటం ఇంకా చిక్కు. కాల్చిన మట్టి కదా, బిగించేందుకు ఏమీ ఉండదు. లోపల మెత్తటి మట్టి అద్ది కాస్త దించగలరు, అంతే. కబురు ముందే అందితే సరైన ఘటం తెచ్చుకుంటారు.

మైకులు 6: గాత్రం, వయొలిన్, ఘటం, శ్రుతిపెట్టెలకు ఒక్కొక్కటి, మృదంగానికి రెండు. ఎకో పూర్తిగా తీసేయించండి. బేస్ పెంచితే మృదంగం ఎడమవైపు గుమ్మని మోగి సాహిత్యం మునిగిపోతుంది. వేదిక మీద మానిటర్లు (కళాకారులకు వినపడేందుకు వాళ్లవైపు పెట్టే స్పీకర్లు) 2 తప్పనిసరి. గాత్రం సరిగా వినపడకపోతే వయొలిన్ వాళ్లు ఆ సంగతిని (ఒకే పంక్తిని మార్చి పాడే తీరును) ఎలా అందుకుంటారు?

కుడిచేత్తో వాయించే మృదంగ విద్వాంసుణ్ణి గాయకులకు కుడివైపు కూర్చోబెట్టండి, అప్పుడే కరణి (నల్లటి గుండ్రటి పూత) ఉన్న మూత సభవైపు ఉంటుంది. ఎడమచేతి వాటమైతే ఎడమవైపుకు మార్చాలి.

తంబూరతీగ:
ఏసీ ఆపేయాలా?

లయప్రియ:
అక్కర్లేదు. గంట ముందే వేసి, చివరిదాకా అలాగే వదిలేయండి. మధ్యలో ఆపి వేస్తుంటే తోలు, తీగలు రెండూ శ్రుతి తప్పుతాయి. గాలి మాత్రం నేరుగా వేదిక మీదికి కొట్టకూడదు.

ఆరభి:
పారితోషికం మొత్తం గాయకుల చేతిలో పెట్టి “మీలో మీరు సర్దుకోండి” అనకండి. పక్కవాద్యాలవాళ్లతో విడివిడిగా ముందే మాట్లాడి, ప్రయాణ ఖర్చు వేరుగా కలిపి, అదే సాయంత్రం ఇచ్చేయండి. కళాకారులకు మనం చేయగల అసలు సన్మానం అదే. శాలువాలు, ప్రసంగాలు కచేరీకి ముందే 10 నిమిషాల్లో ముగించండి. మధ్యలో పెడితే వేడెక్కిన గొంతు చల్లారిపోతుంది, కోత పడేది తని ఆవర్తనానికే (మృదంగం, ఘటం మాత్రమే వాయించే భాగం). తని మొదలవగానే జనం లేచి వెళ్లకుండా టిఫిన్ తలుపు మూసే ఉంచండి! వీడియో యూట్యూబ్‌లో పెట్టాలంటే నలుగురి అనుమతీ తీసుకోవాలి.

గౌళ:
గోష్ఠికి గంట చాలు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ రాగాల వరస మార్చకండి. అయిదూ ఆదితాళమే కాబట్టి తాళం వేసే ఒక్కరిని అందరికీ కనిపించేలా కూర్చోబెట్టండి, లేకపోతే వెనక వరసలు లాగేస్తాయి. పాఠాంతరాలు వేరువేరుగా ఉంటాయి గనుక ఒకే పుస్తకం నుంచి జిరాక్సులు పంచి, 2 రిహార్సల్స్ పెట్టండి. గోల ఎక్కువగా వరాళిలోని “కనకన రుచిరా” దగ్గరే. వరాళిని గురువులు నేరుగా చెప్పని ఆనవాయితీ ఉండటంతో అది పూర్తిగా వచ్చినవాళ్లు తక్కువ. బాగా వచ్చినవాళ్లు నలుగురు మైకు దగ్గర ఉంటే మిగతావాళ్లు అందుకుంటారు.